ఇంజను వైపు నుంచి

బండి ఊపుకు జారిపోతున్న లాప్‌టాప్‌ను ఒళ్లో అదిమిపట్టి, రిటైరైన గార్డుగారు తెర మీద లేనిదాన్ని వెతుకుతున్నారు. ఆయన నిట్టూర్పులు భరించలేక ఎదుటి సీటులోని అమ్మాయి నిద్ర మానుకుని లేచి కూర్చుంది. ఆమె ప్రింటర్లు బాగుచేస్తుంది.

పెద్దాయన ఉద్యోగమంతా చివరి పెట్టెలోనే గడిచింది. కొండలూ వంతెనలూ వెనక్కి పోతేనే ఆయనకు కనిపించేవి. లోకం చుట్టొచ్చామనేవాళ్లలో సగంమంది చూసిందీ అంతే, ఆ సంగతి అలా ఉంచుదాం. ఇంజను నడిపిన బావమరిది ఇప్పటికీ నలుగురిలో, "బావా, నీ కంటపడేదంతా నేను చూసి వదిలేసిందే" అని ఆటపట్టిస్తాడు. ఇద్దరూ పనిచేసిన ఆ లైను ఎత్తేసి పట్టాలు కూడా పీకేశారు. ఇక ముందు నుంచి చూసే యోగం లేదనుకుంటుండగా, కంప్యూటర్లో రైలు నడిపే సిమ్యులేటరు ఆట కోసం ఎవరో పుణ్యాత్ముడు అదే లైనును అచ్చంగా కట్టి నెట్‌లో పెట్టాడని తెలిసింది. ఎక్కడెక్కడో గాలించి దాన్ని దింపుకున్నారు. నడిపి చూపిస్తానని బావమరిదికి కోతలు కోసి అతని ఊరికి బయల్దేరారు. తీరా చూస్తే ఆటలో ఆ రూటే లేదు.

అమ్మాయి చూసి నవ్వింది. జిప్ ఫైలు విప్పినప్పుడు ఫోల్డరు కడుపులో అదే పేరుతో ఇంకో ఫోల్డరు పడింది. లోపలిదాన్ని బయటికి లాగితే రూటు వచ్చింది గానీ చెట్లు రాలేదు, స్టేషను కప్పు గాలిలో వేలాడింది. చెట్లకీ కట్టడాలకీ విడిగా ఇంకో ప్యాకు దింపుకోవాలని కట్టినాయన మొదట్లోనే రాశాడు. చదవలేదా అని అడిగితే గార్డుగారు కిటికీలోంచి చూడసాగారు. ఆమె తన ఫోను నెట్‌తో అదీ దింపిపెట్టింది.

తెర మీద పాత స్టేషను నిలబడింది. సిగ్నలు పచ్చగా పడింది. ఆయన మాత్రం చేతులు కట్టుకుని కూర్చున్నారు.

"పోనివ్వండి బాబాయిగారూ."

"గార్డు జెండా చూపలేదుగా అమ్మా."

"మీరే కదా గార్డు?"

"ఇప్పుడు డ్రైవర్ని. చెప్పకుండా కదిలితే వెనకున్నవాడి గతేంకాను?"

అమ్మాయి తెరలు తుడిచే ఆకుపచ్చ గుడ్డ తీసుకుని, పెట్టె చివరికి వెళ్లి ఊపింది. ఆయన వెనక్కి తిరిగి చూసి, హారన్ కొట్టి కదిలించారు.

ఇన్నేళ్లూ చిన్నదైపోతూ కనిపించిన నీళ్లటాంకు, పెరుగుతూ పెరుగుతూ మీదికొచ్చింది. వంతెన నోరు తెరిచింది. తర్వాత మలుపు. అక్కడే బావమరిది బ్రేకు బిగించి రోజూ ఈయన టీ ఒలకబోసేవాడు. గార్డుగారు ముందే వేగం తగ్గించి, మెత్తగా తిప్పారు.

"ఒక్క చుక్క ఒలకలేదు," అన్నారు ఎవరితోనో.

అసలు బండి ఆగింది. స్టేషనుకొచ్చిన బావమరిది కిటికీ దగ్గర నిలబడి, "దిగు బావా" అన్నాడు. ఆయన లాప్‌టాప్‌ను వేడి గిన్నెలా రెండు చేతుల మీద ఎత్తుకుని దిగిపోయారు. మర్చిపోయిన సంచీని అమ్మాయి కిటికీలోంచి అందిస్తే, బావమరిది భుజాన వేసుకుని వెనకే నడిచాడు. గార్డుగారు వెళ్లొస్తానని అనలేదు, తలైనా తిప్పలేదు. తెరలో తర్వాతి స్టేషను ఎదురొస్తోంది.