సలోమి ఆంటీ నీలం కారు

పొద్దున్నే, రోడ్డు మీద మంచు కరగడానికి ఉప్పు చల్లే లారీ మా వీధిలోంచి వెళ్ళింది. అది చిమ్మిన ఉప్పు గింజలు మెయిల్‌బాక్స్‌కి తగిలి వడగళ్ళలా టపటపలాడాయి. అమెరికాలో మేముండే ట్రాయ్‌లో చలికాలమంతా వినే చప్పుడే అది. నాకు మాత్రం అది వినగానే సలోమి ఆంటీ గుర్తొచ్చి నవ్వొస్తుంది.

ఆంటీది నరసాపురం. మా తెలుగు చర్చిలో పాటలు నడిపించేవారు. కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి పనిచేసినా పాత కార్లతోనే నెట్టుకొచ్చి, రిటైరయ్యాక మొదటిసారి కొత్త కారు కొనుక్కున్నారు. ముదురు నీలం. రంగు పాడవకుండా దానిమీద గాజులాంటి పలచని పొర, సిరామిక్ కోటింగ్, వేయించారు. "వారం దాకా సబ్బు తగలనివ్వద్దు, ఉప్పు పడితే ఉత్త నీళ్ళతో కడగండి" అన్నారట షాపువాళ్ళు. ఆ వారంలోనే మంచు కురిసింది. ఆంటీ వాకిట్లో జారిపడి మణికట్టు బెణికించుకున్నారు.

తన కారులో చర్చికి తీసుకెళ్ళమని ఆదివారం పొద్దున నాకు ఫోన్ చేశారు. మేం పక్క వీధిలోనే ఉండేవాళ్ళం. నాకు లైసెన్స్ ఉంది గానీ, ఒకసారి మంచులో కారు జారినప్పటి నుంచి చలికాలంలో స్టీరింగ్ ముట్టుకునేదాన్ని కాదు. ఆరోజు మా ఆయన ఊళ్ళో లేరు.

"మీ కొత్త కారా ఆంటీ? నావల్ల కాదు, భయం."

"కారుకి కోటింగ్ వేయించానమ్మా, నీకే వేయించలేకపోయాను. రా, ఎక్కు!"

దారి పొడవునా ఆవిడ పక్కన కూర్చుని పాట ప్రాక్టీస్ చేస్తూనే ఉన్నారు. నేను స్టీరింగ్‌ని గట్టిగా పట్టుకుని నత్తలా నడిపాను. చర్చి చేరేసరికి నీలం కారు ఉప్పు పట్టి బూడిద రంగుకొచ్చింది. ప్రార్థన అయ్యాక నేను శాలువా అంచుతో తలుపు తుడవబోతే ఆంటీ కేకేశారు. "ఆగమ్మా! ఉప్పు గరుకు, గీతలు పడిపోతాయి. ముందు నీళ్ళు కొట్టాలి."

ఎండ కాస్తోంది కదా అని మనమే కడుక్కునే కార్‌వాష్‌కి వెళ్ళాం. ఆవిడ చెబుతుంటే నేను గొట్టం పట్టాను. "చక్రాల వెనక కొట్టు. ఇప్పుడు అడుగున. తుప్పు మొదలయ్యేది అక్కడే." నీళ్ళు కారు మీద నిలవకుండా గోళీల్లా దొర్లిపోతుంటే ఆంటీ చంటిపిల్లలా చప్పట్లు కొట్టబోయి, "అబ్బా, చెయ్యి!" అని నవ్వారు.

పక్కనే కాఫీ తాగి వచ్చేసరికి ఎండ పోయింది, చలిగాలి మొదలైంది. కారు తలుపులు లాగితే ఒక్కటీ రాలేదు. చుట్టూ ఉన్న రబ్బరు తుడవడం నేను మర్చిపోయాను. నీళ్ళు గడ్డకట్టేశాయి. కొత్త కారు పాడుచేశానని నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. భయంభయంగా ఆంటీ మొహంలోకి చూశాను.

ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. "డిక్కీ వస్తోందేమో చూడు!"

వచ్చింది. పట్టుచీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, మంచు బూట్లతో, వెనకనుంచి పాక్కుంటూ లోపలికి దూరాను. లోపలి నుంచి భుజంతో నెడితే తలుపు ఫట్‌మని తెరుచుకుంది. ఆంటీ అప్పటికే ఫోటో తీసేశారు.

ఆ చలికాలమంతా ఆవిడ కారు నేనే నడిపాను. మంచులో అంత దూరం ఎలా వెళ్తానని వదులుకోబోయిన ఉద్యోగంలో వసంతానికల్లా చేరాను. ఆంటీ ఇప్పుడు మంచు పడని కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో కూతురి దగ్గర ఉంటున్నారు. "ఇక్కడ ఉప్పు కూరల్లోకేనమ్మా, ఏం సరదా లేదు" అని ఫోన్‌లో విసుక్కుంటారు.

పొరపాటు జరగగానే ఎదుటివాళ్ళ మొహంలోకి బెదురుగా చూడడం నాకు చిన్నప్పటి అలవాటు. ఆరోజు అలా చూసినప్పుడు కనిపించింది నవ్వు మొహం. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళు ఏదో పాడుచేసి నావైపు అలాగే చూస్తుంటారు. ముందు నవ్వేస్తాను. ఆ తర్వాతే ఏం చెయ్యాలో ఆలోచిస్తాం.