నేను పూసిన పసుపు

ఇన్నేళ్లుగా నేను మోస్తున్న బరువుకు ఒక రంగుంది. పసుపు. మా ఆర్మూరులో ఎటు చూసినా అదే కనిపిస్తుంది కాబట్టి తప్పించుకోవడం కుదరలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

గంగారాం కాక మా వీధి చిత్రకారుడు. దుకాణాల బోర్డులు రాయడంతో మొదలై, హైదరాబాదు గ్యాలరీలు పిలిచి బొమ్మలు పెట్టుకోవడానికి గోడలిచ్చేంతవాడయ్యాడు. పసుపు కొమ్ములు తానే దంచి, తుమ్మజిగురులో కలిపి, దానితోనే మార్కెట్ యార్డు బొమ్మల్లో పసుపు రాశులు వేసేవాడు; మనుషులను మాత్రం బొగ్గుతో గీసేవాడు. ఎండ తగిలితే ఆ రంగు వెలిసిపోతుంది. ఆయనకు కావలసిందీ అదే. బొమ్మను కావాలనే కిటికీ ఎదురుగా పెట్టేవాడు. పసుపు రాశి మెల్లగా మాయమై, దాన్ని మోసిన హమాలీ ఒక్కడే మిగిలేవాడు. "సీజన్ అయినంక యార్డుల ఏముంటదిరా? గదే నా బొమ్మ" అనేవాడు.

నాకది అర్థం కాలేదు. కాలేదని ఒప్పుకోవడానికి మనసు రాలేదు. పదో తరగతితో చదువు ఆగినా, గ్రంథాలయంలో చిత్రకళ పుస్తకాలన్నీ చదివినవాణ్ని కదా. గొప్ప చిత్రం పాడైతే బాగుచేసి నిలబెట్టాలని వాటిలో చదివాను.

ఆయన కంటి ఆపరేషన్‌కు నిజామాబాద్ వెళ్తూ తాళంచెవి నాకిచ్చాడు. ప్రదర్శనకు పంపాల్సిన పెద్ద బొమ్మలో రాశి దాదాపు వెలిసిపోయింది. పోస్టర్ రంగు కొని, అతుకు తెలియకుండా పలచగా రాశి మొత్తం నింపాను. కాపాడుతున్నానని అనుకున్నాను. నిజంగానా? గొప్ప బొమ్మలో నా చెయ్యి కూడా ఉండాలన్న ఆశ లేదా? ఉంది.

కాక తిరిగొచ్చి, నల్లద్దాలు తీసి, బొమ్మ ముందు నిలబడిపోయాడు.

"గిదేందిరా, గింత మండుతున్నది? నేను పోయిననాడు గిట్ల లేకుండె."

"గట్లనే ఉండె కాక. ఆపరేషన్ అయినంక రంగులు వేరే తీరు కనబడ్తయట. బుక్కుల చదివిన."

"డాక్టర్ నా కంట్ల అద్దం పెట్టిండా, పెయింట్ డబ్బా పెట్టిండా?" అని నవ్వాడు. కాసేపటికి నవ్వు ఆపి, "సదివినోనివి. నీకెరుకనే ఉంటది" అన్నాడు.

పుస్తకంలో అలా ఉన్న మాట నిజమే. నిజాన్ని తెచ్చి అబద్ధానికి కాపలా పెట్టాను.

ప్రదర్శనలో అందరూ ఆ పసుపునే మెచ్చుకున్నారు. కాక మాత్రం ఆ తర్వాత తాను కలిపిన ప్రతి రంగునూ నాకు చూపించి, సరిగ్గా ఉందా అని అడిగేవాడు. కొన్నాళ్లకు అడగడం మానేశాడు. మరికొన్నాళ్లకు వేయడమే మానేశాడు. "నా కండ్లు ఖరాబైనయి" అని హోటల్లో చాయ్ తాగుతూ అందరికీ చెప్పేవాడు. పక్కనే నేను. ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆయన అసహ్యించుకుంటాడని భయపడ్డానా, లేక ఊళ్లో నా చదువు పరువు పోతుందనా? రెండోదే అయి ఉంటుందని ఇప్పుడు అనిపిస్తుంది.

పోయిన ఎండాకాలం కాక చనిపోయాడు. ఇక క్షమించమని అడగడానికి ఎవరూ లేరు. ఆయనకు చెప్పవలసిన మాట మీకు చెబుతున్నాను.

కాక కళ్లు బాగానే ఉన్నాయి. ఆయన చూసింది నిజం.