పేరైతే రాయలేదు

ప్రేమానందం నాయన మిషన్ బళ్ళో అయ్యవారు. ప్రేమానందం ప్రొద్దుటూరులో పుట్టి, చర్చి కాంపౌండు గోడ లోపలే పెరిగాడు. బయట బాంబు పేలితే కిటికీ మూసుకునే ఇల్లు వాళ్ళది, ఎవరు వేశారని అడిగే ఇల్లు కాదు. అందుకే ఆ నేల మీద బతికే పద్ధతులు వాడికి సగమే తెలిశాయి.

బి.ఏ. అయ్యాక పేపర్లో చేరాడు. ఖూనీల వార్తలు రాయడానికి ఆఫీసులో వేరే మనిషి ఉండేవాడు, పాపం ఆయనకు తీరికే దొరికేది కాదు. వీడికి ఊరి ముచ్చట్లు అప్పగించారు. దసరా అలంకారాలు, బంగారు అంగళ్ళ వీధి, రంజాన్ నెలలో పండ్ల బండ్లు. నరుక్కునే కాలంలో కూడా జనం తింటారు, కట్టుకుంటారు, పండగ చేసుకుంటారు, అదీ ఎవరో ఒకరు రాయాలి అనేవాడు. మంచి మాటే. కానీ కంటపడిందల్లా కాగితం మీద పెట్టాలనే దురద ఒకటుంది చూడండి, అది మంచిది కాదు.

మార్కెట్టు వెనక సందులో గురవమ్మ ఎర్రకారం దోసెల బండి ఉండేది. ఆమె గురించి రాద్దామని సాయంత్రాలు అక్కడ కూర్చోవడం మొదలుపెట్టాడు. ఆదినారాయణ పరిచయమైంది అక్కడే.

ఆదినారాయణది జమ్మలమడుగు పక్క పల్లె. ఆ పల్లెలో పార్టీ అంటే జెండా కాదు, ఏ పెద్దాయన అరుగు మీద కూర్చుంటావన్నదే పార్టీ. వయసులో ఉండగా ఒక పెద్దాయన కోసం నాటుబాంబులు చుడుతూ కుడిచేతి వేళ్ళు రెండు పోగొట్టుకున్నాడు. తర్వాత ఎదుటి పార్టీ మనిషిని చంపిన కేసులో ఇరుక్కున్నాడు. కోర్టు వదిలేసింది. కోర్టు వదిలితే ఎదుటివాళ్ళు వదులుతారా? భార్య పెంచలమ్మను పులివెందుల దగ్గర పుట్టింట్లో దించి, మీసం తీయించుకుని, ప్రొద్దుటూరులో చీరల అంగట్లో మడతలు వేసే పనికి కుదిరాడు. పోయిన దారిన తిరిగి వచ్చేవాడు కాదు. ఒక గదిలో ఎక్కువ కాలం ఉండేవాడు కాదు. ఉండే చోటు పెళ్ళానికి కూడా చెప్పలేదు. అన్నీ మార్చుకున్నాడు గానీ నాలుకను మార్చుకోలేకపోయాడు. అంగట్లో పని అయిపోగానే గురవమ్మ బండి పక్కన గోడకు వీపు ఆనించి రెండు దోసెలు తినాల్సిందే.

ప్రేమానందం చూపు తన చేతి మీద పడటం ఆయన గమనించాడు.

"నన్ను మాత్రం రాయొద్దబ్బీ."

"పేరు రాయను లే మామా."

గురవమ్మ అట్లకాడ ఎత్తింది. "పేరూ వద్దు, ఊరూ వద్దు. నా దోసెను రాసుకో, నా నోటిని రాసుకో. ఆయప్పను ఇడ్సిపెట్టు."

"నీ నోటిని రాస్తే పేపర్ వాళ్ళు వెయ్యరక్కా," అన్నాడు వాడు. ముగ్గురూ నవ్వుకున్నారు.

ఆదివారం పేపర్లో దోసెల కథ వచ్చింది. పేరైతే రాయలేదు. "పొయ్యి రాజేసే వేళకు తప్పకుండా వచ్చి, గోడకు వీపు ఆనించి, మూడు వేళ్ళతో దోసె మడిచే పెద్దాయన" అని రాశాడు. సందుకు రెండు కొసలా దారి ఉందనీ, రెండు వైపుల నుంచీ జనం వస్తారనీ రాశాడు. ఎడిటరు ఫోన్ చేసి మూడు వేళ్ళ మాటను మెచ్చుకున్నాడు.

మరునాడు సాయంత్రం ఆఫీసుకు ఒకాయన వచ్చాడు. తెల్లచొక్కా, చంకలో మడిచిన పేపరు.

"ఈ దోసెల కత రాసింది నువ్వేనా అప్పా?"

"నేనే."

"శానా బాగుంది. చదువుతాంటే నోట్లో నీళ్ళూరినాయి. ఆ బండి యాడుందో చెప్తే తిని పోతా."

రాసినందుకు వెతుక్కుంటూ వచ్చిన మొదటి మనిషి. ప్రేమానందం టీ తెప్పించాడు, సందు ఎక్కడో విడమరిచి చెప్పాడు.

"మూడు వేళ్ళాయప్ప దినామూ వస్తాడా?"

దోసెలు తినాలని వచ్చినవాడికి తినే మనిషితో ఏం పని?

"అట్లాంటి మనిషి లేడు. కత బాగుండాలని కల్పించినా."

ఆయన నవ్వాడు. "కల్పించినా నువ్వు సరిగ్గానే కల్పించినావు సామీ." టీ గ్లాసు కింద పెట్టి పోయాడు. బయట జీపు కదిలిన చప్పుడైంది.

ప్రేమానందం సైకిలెక్కి చీరల అంగడికి పోతే, ఇప్పుడే వెళ్ళాడన్నారు. బండి దగ్గరికి వచ్చేసరికి ఆదినారాయణ మొదటి దోసె తింటున్నాడు.

"మామా, లెయ్. నిన్ను అడుగుతాండారు."

"పేపర్ నేనూ చూసినా," అన్నాడాయన, నమలడం ఆపకుండా.

"చూసి మళ్ళా ఎందుకొచ్చినావు?"

"మనుసుల్ని నరికేటోళ్ళు దోసెల కతలు యాడ చదువుతారులే అనుకున్యా."

"మాటలు చాలు," గురవమ్మ ఆయన చేతిలో ఆకు లాగేసింది. "ఈ కొసన జీపొచ్చి ఆగింది. ఆ కొస నుంచి పో. మైదుకూరు బస్సు దొరుకుతాది."

ఆదినారాయణ చెయ్యి కడుక్కోకుండానే నడిచాడు. ఆ కొసన కూడా మనుషులు నిలబడి ఉన్నారు. వేటకొడవళ్ళు. సందులో ఒక్కొక్క తలుపూ మూతపడింది. పెనం మీద రెండో దోసె మాడి పొగ లేచింది. దాన్ని తీయాలని గురవమ్మకు తోచలేదు.

మరునాడు పెద్దాసుపత్రి శవాల గది ముందుకు పెంచలమ్మ వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. ప్రేమానందం గోడ పక్కన నిలబడి ఉంటే నేరుగా వాడి దగ్గరికే నడిచింది. చెంప పగలగొడుతుందనుకుని వాడు కదలకుండా నిలబడ్డాడు.

"పేపరాయన నువ్వేనా?"

"నేనేమ్మా."

"ఆయన ఈడ యాడుండె, ఏం తినె, నాకు ఒగనాడూ చెప్పల్యా. చెప్తే నా కాడికొచ్చి అడుగుతారని. నువ్వేందో రాసినావంట. చదువు."

"వద్దమ్మా. దాన్ని బట్టే..."

"తెలుసు. గురవమ్మ చెప్పింది. నరికినోళ్ళు చదువుకున్యారు గదా, నేను ఇనకూడదా?"

వాడు సంచిలోని పేపరు తీసి చదివాడు. మూడు వేళ్ళ దగ్గర పేపరు మడవబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. అంతా విని అడిగింది.

"తినేటప్పుడు నవ్వుతాండెనా?"

"నవ్వుతాండెమ్మా."

"అది రాయల్యా నువ్వు."

లోపలి నుంచి ఎవరో పిలిచారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గదిలోకి పోయింది.