సంతకానికి వదిలిన చోటు

బొమ్మల బావ పోయాడని బెల్లం మార్కెట్టులో టీ తాగుతుంటే చెప్పారు. పొద్దున్న బ్రష్షులు కడుగుతూ కూలబడ్డాడట. గ్లాసు అక్కడే పెట్టి వచ్చేశాను. వాళ్ళింటికి కాదు, మా ఇంటికి. ఎందుకో చెబుతాను.

నేను బెల్లం దిమ్మలు మోసి బతికినవాణ్ణి. చదువు రెండో తరగతి. అక్షరాలు కూడబలుక్కుని రాస్తున్నాను. అయినా ఆయన సంగతి నాకన్నా తెలిసినవాడు అనకాపల్లిలో లేడు, ఆ మాట ఎవరి ముందైనా అంటాను. చుట్టం కాదు. నలభై ఏళ్ళు ఎదురెదురు ఇళ్ళలో ఉండి బావా అంటే బావా అనుకున్నాం.

పోయినవాళ్ళ బొమ్మలు రంగులతో వేయడం ఆయన పని. నక్కపల్లి నుంచి, రోలుగుంట నుంచి కూడా చిన్న ఫొటో పట్టుకుని వచ్చేవారు. మనిషి ఎలా నవ్వేవాడు, కోపమొస్తే ఎటు చూసేవాడు, అన్నీ అడిగేవాడు. కళ్ళు ఆఖరున వేసి నన్ను కేకేసేవాడు. బొమ్మకు పైనొక గుడ్డ, కిందొక గుడ్డ కప్పి, కళ్ళు మాత్రం వదిలి, "ఎవుడు బావా?" అనేవాడు. మార్కెట్టుకు బెల్లం తెచ్చే రైతుల మొహాలన్నీ నాకు తెలుసు. నేను పేరు చెబితేనే కింద కుడి మూలన సంతకం పెట్టేవాడు.

"సదువుకున్నోడు సంతకం సూసి బాగుందంటాడు. నువ్వు మడిసిని సూసి సెప్తావు" అనేవాడు, ఒక రెప్ప వాల్చి. ఆ రెప్ప పుట్టుకతోనే అంత. నా మూపుకే కూలి ఇచ్చిన ఊళ్ళో నా కళ్ళకు పని ఇచ్చింది ఆయనొక్కడే.

తర్వాత మెషిన్ వచ్చింది. ఫొటో ఇస్తే కంప్యూటరే మొహం నునుపు చేసి గుడ్డ మీద అచ్చు వేస్తోంది. బావకు పని ఆగింది. ఆ అచ్చు షాపువాడే పిలిచి ఇంకో పని ఇచ్చాడు. అచ్చు బొమ్మ మీద అక్కడక్కడ రంగు అద్దాలి, చేత్తో వేసినట్టు కనబడాలి. అద్దాడు. పొయ్యి వెలగాలి కదా.

"మానీ బావా" అన్నాను ఓ రోజు.

"మానేసి నీతో దిమ్మలు మొయ్యనా? నా నడుం సూసేవా?" అని నవ్వాడు. మళ్ళీ తనే, "బ్రష్షు నా సేతిలోనే ఉంది. బొమ్మే నాది కాదు" అన్నాడు.

వాటి మీద సంతకం పెట్టేవాడు కాదు. పోయిన ఏడు ఒక అచ్చు బొమ్మకు కళ్ళు తనే దిద్ది, పాత అలవాటుగా గుడ్డలు కప్పి నన్ను పిలిచాడు.

"ఎవుడు?"

"ఎవుడూ కాదు."

బ్రష్షు తుడిచి పక్కన పెట్టాడు. "నీకు అబద్దం ఆడ్డం రాదేటి బావా" అన్నాడు.

"నాకెందుకొత్తాది" అని వచ్చేశాను. ఉన్నమాటే అన్నాను, ఇప్పుడైనా అదే అంటాను. ఆ తర్వాత ఆయన పిలవలేదు, నేను వెళ్ళలేదు. మధ్యన వీధి పది అడుగులు.

పదకొండో రోజున వెళ్ళాను. కుర్చీలో షాపువాడు అచ్చు వేసిచ్చిన బావ బొమ్మకు దండ వేసి పెట్టారు. పెళ్ళికొడుకు బుగ్గలు. రెప్ప కూడా సరిచేసేశారు. భోజనాలయ్యాక ఆయన భార్య నన్ను లోపలి గదికి పిలిచింది.

"ఇది నీకు సూపించాలనీవోరు అన్నయ్యా. కబురెట్టనా అంటే, ఆడే వత్తాడులే అనీవోరు."

గోడకు చేర్చిన బొమ్మ. పైనొక గుడ్డ, కిందొక గుడ్డ. మధ్యన రెండు కళ్ళు, ఒక రెప్ప కాస్త వాలి.

"ఎవరన్నయ్యా?" అంది, ఆయనలాగే.

"బావే" అన్నాను.

ఆమె కింది గుడ్డ తీసింది. కుడి మూలన, సంతకం పట్టేంత మేర, రంగు తగలకుండా తెల్లగా ఉంది.