జంపఖానా అంత జాగా

పోయిన ఫిబ్రవరి రెండో ఆదివారం, పొద్దున ఏడుంబావుకు, ఇంటి ముందు కూర్చోవడానికి చెక్కతో అరుగులాంటి డెక్ కట్టిద్దామన్నాడు మా అబ్బాయి. ఎంత పెద్దదని అడిగితే వాడికి తెలియలేదు. పక్కింట్లో ఉండే మా మరిది తాను నేసిన పెద్ద జంపఖానా తెచ్చి వాకిట్లో పరిచి, అందరినీ కూర్చోమన్నాడు.

“జర జరుగుండ్రి. కోడలు పిల్ల కాళ్లు చాపుకోవద్దా?”

ఏడుగురం సరిపోయాం. అతను మాత్రం రోజూ సాయంత్రం వచ్చి కూర్చునే గడప మెట్టు మీదే కూర్చుని, జంపఖానా అంచు మీద చెయ్యి పెట్టాడు. తాను నేసినదాని మీద అతను కూర్చోగా నేనెన్నడూ చూడలేదు.

“నీ జాగ ఏది?” అన్నాను.

“అమ్మే సరుకు మీద కూసుంటే ఎవలు కొంటరు వదినె?”

“మగ్గం అమ్మి ఆరేండ్లాయె. ఇంకా గిరాకీ కోసం చూస్తున్నవా?”

“అలవాటైపాయె. నాకీ మెట్టున్నది గద,” అని నవ్వాడు.

జంపఖానా కొలతకే డెక్ కట్టించాం. అది గడపతో సమంగా రావాలని వడ్రంగి పక్కనున్న మల్లె పొదను తీసేసి, రెండు మెట్లనూ కప్పేశాడు. ఆ మెట్టు మీద కూర్చునే మనిషి సంగతి మాకెవరికీ తట్టలేదు. మొదటి సాయంత్రం మరిది వచ్చి, నేతలో లోపం వెతికినట్టు కొత్త చెక్కలను చేత్తో తడిమాడు.

“పైకి రా,” అన్నాను.

“గింత కొత్తదాని మీద నేనేడ కూసుంట వదినె? మంచిగున్నది.”

నిలబడే చాయ్ తాగి వెళ్లాడు. తర్వాత రావడం తగ్గించి, చివరికి మానేశాడు.

ఆ డెక్ వల్ల మాకు పోయినవి: ఒక మల్లె పొద, రెండు మెట్లు, మా మరిది.