పైపుకి కట్టిన తడిపట్టా

మొన్న రోహిణీ ఎండల్లో రాజమండ్రిలో కారు సర్వీసుకిచ్చాను. మెకానిక్ బానెట్ ఎత్తి, లోపల ఇంజిన్ పక్కగా పోతున్న నల్లటి రబ్బరు గొట్టం ఒకటి చూపించాడు. "ఇది పవర్ స్టీరింగ్ ఆయిల్ పైపండి. సైలెన్సర్‌కి ఆనుకునే ఉంది చూడండి. ఈ వేడికి రబ్బరు పెళుసెక్కిపోద్ది. వెండిరంగు తొడుగొకటి ఉంటాదండి, వేయించేసుకోండి మేడం" అన్నాడు. సరేనని తలూపి బయట బల్ల మీద కూర్చున్నాను. అతను తొడుగు వేస్తున్నంతసేపూ అటు చూడలేకపోయాను. ఇంజిన్ వేడి తగలకుండా అలాంటి పైపునే కాపాడడానికి మావాళ్లు ఒకప్పుడు వేరే ఏర్పాటు చేసుకున్నారు. దాని గురించి ఇన్నాళ్లూ ఎవరితోనూ మాట్లాడలేదు.

మా అమ్మ తమ్ముడు, అంటే మా మావయ్య, పెళ్లివంటలు చేసేవాడు. ఉండేది రామచంద్రపురం దగ్గర పల్లెలో. ద్రాక్షారామం నుంచి యానాం దాకా ఏ పందిట్లో పనసపొట్టు కూరలో ఆవఘాటు ముక్కుకి తగిలినా అది ఆయన వంటేననేవారు. అననివాళ్లకి ఆయనే చెప్పేవాడు. ఎవరింటికైనా భోజనానికి వెళితే పులిహోర మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, కాసేపు ఆలోచించి, "పర్లేదు" అనేవాడు. ఆ మాటకి ఆ ఇల్లాలు వారం రోజులు కోలుకునేది కాదు. అత్తయ్య ఆయన వెనకాలే వంటింట్లోకి వెళ్లి, "ఆయన మాటలకేంలెండి, నాకు రెండోసారి వడ్డించండి" అని సర్దుకొచ్చేది. వాళ్లకి పిల్లల్లేరు. ఏ ఊరు వంటకెళ్లినా ఇద్దరూ కలిసే వెళ్లేవారు. నిజం చెప్పాలంటే నాకు మావయ్య కంటే అత్తయ్యంటేనే ఎక్కువ ఇష్టం. ఆ సంగతి ఆయనకీ తెలుసు, పైగా అందుకు గర్వపడేవాడు కూడా.

ఏళ్ల తరబడి గాడిపొయ్యి ముందు నిలబడి తెడ్డు తిప్పీ, గుండిగలు దించీ ఆయన కుడిభుజం పాడైపోయింది. చెయ్యి చెవి దాకా లేచేది కాదు. పొయ్యి దగ్గర నిలబడి కేకలెయ్యడానికి భుజంతో పనేముందని వంట మానలేదు గానీ, పాత్రలూ సరుకులూ వేసుకెళ్లే పాత వ్యాను స్టీరింగు తిప్పడం మాత్రం ఆయన వల్ల కాలేదు. డ్రైవర్ని పెట్టుకోమంటే, "నా గుండిగలకి సొట్టలు పెడతాడు" అన్నాడు. చివరికి దాన్ని వదిలించుకుని, పవర్ స్టీరింగ్ ఉన్న వ్యాను ఇంకొకరు వాడిందే కొన్నాడు. "చిటికెనవేలితో తిరుగుతోందే అమ్మాయ్!" అంటూ నన్ను ఎక్కించుకుని ఊరంతా తిప్పాడు. ఆ స్టీరింగు తేలిగ్గా తిరిగినన్నాళ్లే ఆయన వంటవాడిగా ఉండేది. అది పోతే ఇంట్లో కూర్చోవాల్సిందే.

ఒక పెళ్లిళ్ల కాలంలో ఆ వ్యాను ఇంజిన్‌కీ పైపుకీ మధ్య అడ్డుగా ఉండే రేకు తుప్పుపట్టి ఊడిపోయింది. కొత్తది తెప్పించడానికి కొంచెం టైము పడుతుందన్నారు. వరసగా వంటలున్నాయి, వ్యాను ఆపడానికి లేదు. మావయ్య క్షణం కూడా ఆలోచించలేదు. కాలిపోతున్న గుండిగని పొయ్యి మీంచి దించాలంటే వంటవాళ్లు తడిపిన గోనెపట్టా పెట్టే పట్టుకుంటారు. జీవితమంతా ఆయన అరచేతుల్ని కాపాడింది అదే. వంటసామాన్లలోంచి ఒక పట్టా తీసి, తడిపి, మడతలు వేసి పైపు చుట్టూ చుట్టి, కొబ్బరితాడుతో బిగించాడు. "పట్టా లేకుండా గుండిగ మీద చెయ్యేస్తామా ఏంటి? దీనికీ అంతే" అన్నాడు. అప్పట్నుంచి పొద్దున్నే అత్తయ్య తులసికోటకి నీళ్లు పోశాక, వ్యాను బానెట్ తెరిపించి పట్టా మీద ఇంకో చెంబుడు పోసేది. అది చూసి మేం తెగ నవ్వుకునేవాళ్లం. స్టీరింగు బాగానే తిరుగుతోంది కదా అని రేకు సంగతి అందరం మర్చిపోయాం.

జ్యేష్ఠమాసంలో ఒకరోజు పొద్దున్నే పెళ్లివంటకి బయల్దేరారు. ధవళేశ్వరంలో కాలవలకి అప్పుడే నీళ్లు వదిలారు. ఎండాకాలమంతా బురదతో పడున్న కాలవ గట్ల అంచుదాకా నిండి పారుతోంది. గట్టు మలుపులో స్టీరింగు ఒక్కసారిగా బిగుసుకుపోయింది. మంచి భుజమున్నవాడైతే బలవంతాన తిప్పగలిగేవాడేమో. మావయ్య రెండు చేతులతో లాగినా వ్యాను తిరగలేదు, నేరుగా కాలవలోకి పోయి పక్కకి ఒరిగిపోయింది. ఆయన్ని పొలాల్లోంచి పరిగెత్తుకొచ్చినవాళ్లు బయటికి లాగారు. అత్తయ్య కూర్చున్న వైపు కిందికి పడింది, మీద గుండిగలూ గంగాళాలూ పడ్డాయి. ఆవిడ్ని పైకి తీసేసరికి ప్రాణం లేదు. నెల ముందైతే ఆ కాలవలో మోకాలి లోతు నీళ్లు కూడా లేవు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎవరి మీద మండాలో మాత్రం తెలీదు.

వ్యానుని షెడ్డుకి చేర్చాక నేనూ మా ఆయనా వెళ్లాం. మెకానిక్ కొబ్బరితాడు కోసి పట్టా విప్పాడు. లోపలి మడత పిండితే నీళ్లతోపాటు ఆయిలు కారింది. పట్టా తడి ఆరినప్పుడల్లా లోపల పైపు వేడెక్కిపోయి, రబ్బరు సన్నగా బీటలు తీసింది. మామూలుగానైతే ఆయిలు చుక్కలు చుక్కలుగా నేల మీద పడి, ఎవరో ఒకరి కంట పడేది. ఇక్కడ బొట్టు బొట్టూ పట్టాయే పీల్చేసుకుంది, ఆయిలంతా పోయి స్టీరింగు బిగుసుకునేదాకా ఎవరికీ తెలీలేదు. ఈ సంగతి మావయ్యకి చెప్పకూడదని అక్కడే అనుకున్నాం. అప్పటికి ఆయన వచ్చినవాళ్లందరికీ భుజం చూపించి, "ఇది చాల్లేదు" అని ఏడుస్తున్నాడు. భుజం మీద నెపం పెట్టుకునే బతకనిద్దామనుకున్నాం. తను కట్టిన పట్టా వల్లే ఆవిడ పోయిందని తెలిస్తే ఆయన మిగలడని నా భయం.

అత్తయ్య సంవత్సరీకానికి బయటి వంటవాళ్లు వచ్చారు. మావయ్య పెరటి అరుగు మీద కూర్చుని వాళ్ల పని చూస్తున్నాడు, ఒక్క వంక కూడా పెట్టలేదు. నేను పక్కన కూర్చుని ఆయనకి విసనకర్రతో విసురుతున్నాను. ఉన్నట్టుండి, నా వైపు తిరక్కుండానే అన్నాడు.

"మీరు షెడ్డులో ఏం చూశారో నాకు తెలుసమ్మాయ్. ఎవరూ చెప్పక్కర్లేదు."

పొయ్యి వైపే చూస్తూ చెప్పుకొచ్చాడు.

"అంతకుముందు రోజు నీళ్లు పోస్తూ మీ అత్తయ్య అంది. 'ఏమండీ, పట్టా నూనె వాసనేస్తోంది, ఓసారి విప్పి చూడరాదూ' అని. వంటవాడింట్లో నూనె వాసనెయ్యని పట్టా ఎక్కడుంటుందే అని నవ్వాను. ఆవిడా నవ్వేసి లోపలికెళ్లిపోయింది."

ఆ తర్వాత ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉన్నాడు, పెట్టింది తింటాడు, ఏ వంటకీ పేరు పెట్టడు. తాడు ముడి ఊడదీసి ఆ పట్టా విప్పి చూడడానికి ఒక్క నిమిషం పట్టేది. ఆ రోజు అక్కర్లేదనుకున్న ఆ నిమిషాన్ని తలుచుకోడానికే ఇప్పుడాయనకి పొద్దున్నుంచి రాత్రి దాకా సరిపోతోంది.