మెట్లు లేని స్టేజీ

నాటకానికి కూడా ఒక డిజైనర్ ఉంటారని, దానికి కాలేజీలో చదువు చెబుతారని మా లైన్లో వాళ్లకు సవిత చెబితేనే తెలిసింది. కేజీఎఫ్‌లో బంగారు గని కూలీల కోసం వరసగా కట్టిన ఇళ్లను ఇప్పటికీ లైన్లనే అంటాం. సవిత వాళ్లది నా పక్కిల్లు. గోడ అవతలి నుంచి వాళ్ల దగ్గూ తుమ్మూ నాకు వినబడతాయి, నా హార్మోనియం వాళ్లకు వినబడుతుంది. ఇందులో ఎవరి కష్టం ఎక్కువో నేను చెప్పలేను.

ఆ పిల్ల బెంగళూరులో ఆ చదువే చదువుతోంది. చూసిన ప్రతి నాటకం గురించీ రాసి చూపించాలట. పోయిన ఏడు మా లైన్ల వాళ్లం వేసిన పౌరాణిక నాటకం గురించి రాసింది. యుద్ధంలో పడిపోయిన రాజు ప్రాణం విడుస్తుంటే ఆ వేషగాడి బావమరిది స్టేజీ ఎక్కి దండ వేశాడనీ, రాజు లేచి నిలబడి ఫోటోకు నవ్వి, మళ్లీ పడుకుని చనిపోయాడనీ రాసింది. క్లాసంతా నవ్విందట. నేనూ నవ్వాను. అబద్ధమేమీ రాయలేదు కదా.

మా దగ్గర అది రివాజు. పాట అయ్యాక వేషగాడు కాసేపు ఆగుతాడు. నేను అదే వరుసను తిప్పి తిప్పి వాయిస్తుంటాను. అయినవాళ్లు మెట్లెక్కి వచ్చి దండ వేసి దిగుతారు. ఆ తర్వాతే కథ ముందుకు పోతుంది. సవితకు ఇదంటే ఒళ్లుమంట.

“ఏడ్సాల్సిన సోట రిసెప్షన్ పెడతారు మామా” అనేది.

ఈ ఏడు కాలేజీ ప్రాజెక్టుగా మా నాటకానికే సెట్టు వేస్తానంది. ఈసారి రాజు వేషం వాళ్ల నాన్న కృష్ణప్పది.

కృష్ణప్ప చిన్న వయసులోనే గనిలో చేరాడు, కుదురుకునే లోపలే గని మూతపడింది. అప్పటి నుంచి తెల్లవారి రైలుకు బెంగళూరు పోయి, ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర వచ్చే పోయే కార్లకు సెల్యూట్ కొడుతున్నాడు. వాళ్లింట్లో గోడ మీద వాళ్ల నాయన పటం ఉంది. ఆయన రిటైరైన రోజు, గనిలోకి దిగే షాఫ్టు దగ్గర దండ వేసి తీసిన ఫోటో. అప్పట్లో అట్లా దండ వేసి, ఇంటిదాకా ఊరేగింపుగా తెచ్చేవారు. కృష్ణప్ప కాలానికి గని గేటుకు తాళం పడింది, దండ వేసేవాళ్లే లేకపోయారు. రిహార్సల్లో ఒకరోజు ఆయన నా పక్కన కూర్చుని మెల్లిగా అన్నాడు.

“మా నాయనకు షాఫ్టు కాడ ఏసినారు బావా. నాకు ఇంగ యాడ ఏస్తారు? ఈ స్టేజీ మీద ఏస్తేనే.”

నాటకం ఆదివారం సాయంత్రం. పొద్దున్నే సవిత, ఆమె క్లాసు పిల్లలు మైదానంలో స్టేజీ కట్టారు. ఛాతీ ఎత్తు. ముందు వెడల్పాటి గొయ్యి తవ్వి, దాన్నిండా నల్లగుడ్డ పరిచారు. గొయ్యి ఇవతల వెదురు అడ్డం. నిజం చెప్పొద్దూ, చూడగానే నాకు పాత గని గుర్తొచ్చింది.

“మెట్లు యాడమ్మా?” అన్నాను.

“లేవు మామా. ఉంటే ఎక్కుతారు.”

“మీ నాయనకు దండ మింద ఆశ ఉండాది.”

“అంతా అయినాక ఏస్తాం మామా, అందురం. మా నాయన అంత బాగా పాడతా ఉంటే ఎవురో వచ్చి మద్యలో తుంచేస్తే నాకు కడుపు మండుతాది.”

నాన్న మీద ప్రేమతోనే అన్నది. అందుకే ఆ పిల్లతో వాదించలేకపోయాను.

ఆ సాయంత్రం కృష్ణప్ప ఎన్నడూ పాడనంత బాగా పాడాడు. గొయ్యి అంచున పడిపోయి, చివరి పాట ముగించి, అలవాటు ప్రకారం ఆగాడు. నేను వరుస తిప్పాను. ముందు వరసలో నుంచి సవిత వాళ్లమ్మ నాగరత్న లేచింది. చేతిలో అరటాకు పొట్లం. ముగ్గుల పోటీకి కూడా నలుగురి ముందుకు రాని మనిషి, పొట్లం విప్పి దండ తీసుకుని వెదురు అడ్డం దాకా నడిచింది. ఎడమకు చూసింది, కుడికి చూసింది. ఎక్కడా మెట్లు లేవు.

కృష్ణప్ప మోకాళ్ల మీద లేచి మెడ ముందుకు వంచాడు. ఇద్దరి మధ్యా ఆ నల్లటి గొయ్యి. నేను వరుసను మళ్లీ తిప్పాను, మళ్లీ తిప్పాను. అంత జనంలో ఒక్కరూ దగ్గలేదు. లైట్ల దగ్గర నిలబడిన సవితకు ఇద్దరూ కనబడుతూనే ఉన్నారు. కాసేపటికి కృష్ణప్ప మెల్లిగా పడుకుని, కథలో ఉన్నట్టే చనిపోయాడు.

తెర పడగానే కాలేజీ మేడమ్ కళ్లు తుడుచుకుంటూ వచ్చి సవిత చేతులు పట్టుకుంది. దండతో ఆమెను అలా గొయ్యి ఇవతల నిలబెట్టాలన్న ఆలోచన నీదేనా అని కన్నడంలో అడిగింది. “ఆమె మా అమ్మ” అంది సవిత. మీ అమ్మగారు చాలా బాగా చేశారు అని మెచ్చుకుంది మేడమ్. సవిత మేడమ్ చేతుల్లోంచి తన చేతులు విడిపించుకుంది. అప్పటికి జనం కుర్చీలు మడుస్తున్నారు, నాగరత్న దండతో సహా ఇంటికి వెళ్లిపోయింది. నాకు ఆ పిల్ల మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

హార్మోనియం మోసుకుంటూ నేనూ ఆ తండ్రీకూతుళ్ల వెంటే లైనుకు వచ్చి, వాళ్లింట్లో కూర్చున్నాను. కృష్ణప్ప తన నాయన పటం కింద కూర్చుని కొబ్బరినూనెతో మొహం రంగు తుడుచుకున్నాడు. సవిత వాళ్లమ్మ గూట్లో పెట్టిన దండ తీసుకుని ఆయన ముందుకు వచ్చింది.

“ఏసుకో నాయనా.”

“సెట్టు బాగుండాది మా. అందురూ చెప్పినారు.”

“తప్పయిపోయినాది. ఒకతూరి ఏసుకో నాయనా.”

కృష్ణప్ప ఆమె మణికట్టు పట్టుకుని ఆపాడు. కోపమేమీ లేదు గొంతులో.

“ఇంట్లో వద్దు మా. ఇంట్లో దండ ఏసేది పటానికి.”

సవిత దండ పట్టుకుని, మైదానంలో వాళ్లమ్మ నిలబడినట్టే నిలబడిపోయింది. చివరికి నాగరత్నే వచ్చి ఆ దండ తీసుకుని, స్టూలు ఎక్కి మామగారి పటానికి వేసింది. ఫోటోలో ఆయన మెడలో అప్పటికే ఒక దండ ఉంది.